గట్టి ఇంగ్లీషు

పటాన్‌చెరులో మండల ఆఫీసు పక్క సందులో ఆయన దుకాణం షట్టర్ మూడు రోజులు వరసగా మూసి ఉంటే, ఏదో పెళ్ళికి పోయుంటాడనుకున్నాను. నాలుగో రోజు పక్క పంక్చర్ షాపాయన నన్ను చూసి, చేతిలో ట్యూబు అట్లాగే పట్టుకుని, "టైపు సారు పోయిండు మేడం, మొన్న ఆదివారం" అన్నాడు. ఎట్లా అంటే, "గుండె ఆగిపోయింది. బాధ పడలే" అన్నాడు. నాకు ఏడుపు రావాలి కదా, రాలేదు. కోపం వచ్చింది. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏడాదిగా రేపు రేపు అని వాయిదా వేస్తున్నాను. చెప్పకముందే ఈయన ఇట్లా వెళ్ళిపోవడమేమిటి? సందు చివరిదాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. పంక్చర్ షాపాయన మంచినీళ్ళు తాగుతారా అని అడిగాడు. వద్దన్నాను.

నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. చదివింది కెమిస్ట్రీ. చేసేది మాత్రం జవాబులు రాయడం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా కంపెనీ మీద పిటిషన్ పెడితే, కాలుష్యం సంగతులు చూసే సర్కారు పై ఆఫీసు దానికో నోటీసు జతచేసి మాకు పంపుతుంది. గడువులోగా జవాబివ్వాలి. ఆ జవాబు నేను రాస్తాను, సంతకం మా మేనేజర్ చేస్తాడు. ఏడేళ్ళుగా ఇదే నా బతుకు.

మనిషిని చూడకముందే, ఊళ్ళవాళ్ళకు పిటిషన్లు రాసిపెట్టే టైపు సారు ఇంగ్లీషు నాకు బాగా తెలుసు. ఏ ఊరి పిటిషన్ విప్పినా ఒకటే గొంతు. కంపెనీ పొగ పంటల మీద ‘రీకింగ్ హ్యావక్’. కంపెనీ మురుగు పారే నాలా నీళ్ళు జనం ఆరోగ్యం మీద ‘టేకింగ్ ఎ హెవీ టోల్’. ఆ పైన వాసన, ‘యాడింగ్ ఇన్సల్ట్ టు ఇంజురీ’. ఇక లారీలైతే ఊరి రోడ్డుకు ‘లాస్ట్ నెయిల్ ఇన్ ది కాఫిన్’. సర్వనాశనం గురించి ఇంగ్లీషువాళ్ళు ఎన్ని మాటలు పుట్టించారో అన్నీ పేజీన్నరలో కూరేసి ఉండేవి. నేను చదువుకుంటూ నవ్వుకునేదాన్ని. ఆ మాటలే నాకు అన్నం పెట్టేవి మరి. హ్యావక్ సరే, ఏ పొలంలో, ఏ పంటకు? రాసి ఉండదు. టోల్ సరే, ఎవరికి, ఏ జబ్బు? అదీ ఉండదు. నేను రెండే రెండు లైన్లు కొట్టేదాన్ని. ఆరోపణలు ‘జనరల్ ఇన్ నేచర్’, నిర్దిష్టమైన నష్టమేదీ చూపలేదు. అంతే, ఫైలు మూత.

మొదటిసారి ఆయన్ని చూసింది నాలా గట్టున. పై ఆఫీసు నుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు. మేం కంపెనీవాళ్ళం ఇటు, ఊరివాళ్ళు అటు నిలబడ్డాం. ఊరివాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడడానికి ఆయన్ని వెంట తెచ్చుకున్నారు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో నీలం పెన్నొకటి, ఎర్రపెన్నొకటి. షుగర్ కాళ్ళకు మెత్తటి రబ్బరు చెప్పులు. తనిఖీ నడుస్తుండగా ఆయన మా వైపు వచ్చి, "గా జనరల్ ఇన్ నేచర్ రాసేది ఎవరు సార్?" అని మా మేనేజర్‌ని అడిగాడు. మేనేజర్ నన్ను చూశాడు. తిట్టించుకోవడానికి సిద్ధమయ్యాను. ఆయన నాకు చేతులు జోడించాడు.

"మీరేనా మేడం? ఎంత సాఫుగ రాస్తరు. నేను పేజీన్నర రాస్త, మీరు రెండు లైన్లల్ల లేపేస్తరు" అన్నాడు. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. వెటకారం లేదు, మెచ్చుకుంటున్నాడు. "ఒకపారి దుకాణం కాడికి రాండ్రి, చాయ్ తాగి పోదురు."

ఆ మెచ్చుకోలు నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. మా ఆఫీసులో జిరాక్సు మిషన్లు రెండున్నాయి. అయినా నా సర్టిఫికెట్లు పట్టుకుని ఆయన దుకాణానికి జిరాక్సుకు పోయాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. నా కిరాయి ఇల్లు అక్కడికి రెండు సందుల దూరం. పని ముగించుకుని షేర్ ఆటో దిగితే కాళ్ళు అటే నడిచేవి. అక్కడ జరిగే తంతు ఎప్పుడూ ఒకటే, ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. ఎవరో వచ్చేవాళ్ళు. "బోరు ఖరాబైంది సారూ, జెర గట్టిగ రాయుండ్రి" అనేవాళ్ళు. ఆయన లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని వినేవాడు. బాధ చెప్పుకునేవాడి ముందు కూర్చోకూడదని ఆయన నియమం. అంతా విని ఒక్క ప్రశ్న వేసేవాడు.

"మామూలా, గట్టిదా, ఖతర్నాకా?"

మామూలు కాగితం ఇల్లు, రేషన్ కార్డుల్లాంటి వాటికి. గట్టిది సర్పంచి మీదికి. ఖతర్నాక్ కంపెనీల మీదికి. అదేదో తేలాక కూర్చుని, సొరుగులోంచి ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ తీసేవాడు. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు పేపర్లలోంచి కత్తిరించి అంటించిన ముక్కలు అందులో. ఎర్రసిరాతో తెలుగులో శీర్షికలు: నీళ్ళు, పంట, రోడ్డు, ఒళ్ళు. హ్యావక్ గాలివానకు, పొగకు పనికొస్తుందట. టోల్ మనుషులకే వాడాలట, గొడ్డుకు వాడితే పిటిషన్ పరువు పోతుందట. ఎవరు పెట్టారు సార్ ఈ రూల్స్ అంటే, "ఎవరన్న పెట్టాలె గద" అనేవాడు.

ముప్పై ఏళ్ళ అనుభవమున్నా రెండు వేళ్ళతోనే టైపు చేసేవాడు. నష్టం మాట దగ్గరికి రాగానే ఆగి, పైకప్పు వైపు చూసి, ఊపిరి పీల్చుకుని కొట్టేవాడు. ప్రింటు తీశాక మళ్ళీ లేచి నిలబడి, మొత్తం ఇంగ్లీషులో పైకి చదివేవాడు. వినేవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని, తల వంచుకుని వినేవాళ్ళు. ‘డెత్ బ్లో’ లాంటిది వస్తే ఆయన అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టేవాడు.

"ఎట్లున్నది?"

"బరువుగున్నది సారూ" అనేవాళ్ళు.

ఆ మాటతో ఆయన మొహం వెలిగిపోయేది. ఒక లారీ డ్రైవర్ మాత్రం ఉండబట్టలేక, "టోల్ అంటే ఏంది సారూ, ముత్తంగి గేటు కాడ కట్టేదేనా?" అని అడిగాడు. "గదే అనుకో. గా దారిల పోతే తప్పదు, గిది గూడ తప్పదు" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

మామూలు మాటల్లోకీ అవే దొర్లేవి. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే, "నా షుగర్‌కు గిదే ఫైనల్ బ్లో" అనేవాడు. కరెంటు పోతే దుకాణం ‘క్రిపుల్డ్’. దుకాణం వెనకే ఇల్లు. నేను సెలవు రోజుల్లో పోతే, మధ్యాహ్నం భోజనాలవేళకు వాళ్ళావిడ తలుపు సందులోంచి, "హ్యావక్ ఇగ చాల్గాని, బువ్వ సల్లగైతున్నది" అని పిలిచేది. ఆమెది సంగారెడ్డిలో ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు, ఆయనదీ అంతే. అన్నదమ్ములందరూ దుకాణాల్లో స్థిరపడితే ఈయనొక్కడే ఇంగ్లీషు పట్టుకుని ఇట్లా అయ్యాడని ఆమె ఫిర్యాదు. చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతులో గర్వం వినపడేది.

నాకు ఆయన మీద ప్రేమ, చిరాకు రెండూ ఒకేసారి కలిగేవి. ఒకరోజు ఆపుకోలేక అనేశాను. "సార్, ఈ మాటలన్నీ అరిగిపోయినవి. పేపర్లో వానకూ ఇదే, ధరలకూ ఇదే, క్రికెట్‌కూ ఇదే. చదివేవాడి బుర్రలోకి ఏదీ పోదు. ఎక్కడ ఏం పాడైందో అది రాయండి."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. బాధ కలిగితే చేసే పని అది.

"నేను పడుసోన్ని ఉన్నప్పుడు మా వాడకట్టు నీళ్ళ కోసం ఒక కాయితం రాసిన బిడ్డా. సాదా ఇంగ్లీషు. నల్లాల నీళ్ళొస్తలేవు, ఆడోళ్ళు దూరం పోతున్నరు, గంతే. గా ఆఫీసరు అందరి ముందట చదివి నవ్విండు. ఇదేంది, మూడో తరగతి పిలగాడు రాసిండా అన్నడు. సదువు రానోని బాధ ఆళ్ళకు బాధ లెక్క కనబడదు. గందుకే గట్టిగ రాస్త. మనోళ్ళ కాయితం చూసి ఎవడు నవ్వొద్దు."

నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా.

ఆ తర్వాతే ఒక అవ్వ వచ్చింది. మా కంపెనీ వెనక నాలా ఒడ్డున చిన్న ఊరు ఆమెది. రెండు బర్రెలు పెట్టుకుని పాలమ్మి బతికే మనిషి. ఇంటి ముందు బోరు చెడిపోయిందని అప్పటికే రెండు పిటిషన్లు పెట్టింది, రెండూ నేనే మూయించాను. ఆమె మొహం అప్పటిదాకా చూడలేదు. ప్లాస్టిక్ సీసాలో ఆ బోరు నీళ్ళు తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టింది. అడుగున పసుపుపచ్చటి మడ్డి కనపడింది. నేను జిరాక్సు మిషన్ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన నేనెవరో ఆమెకు చెప్పలేదు.

ఆమె పోయాక షట్టర్ సగం దించాడు. "పోయిన కాయితం కొట్టేసినా, ఊరోళ్ళ లొల్లికి ఆఫీసోళ్ళు ఊరికొక నీళ్ళ ట్యాంకరు పెట్టిచ్చిండ్రు. ఇగ గిది మూడోది. గిది గూడ కొట్టేస్తే ట్యాంకరు బందు అంటున్నరు. జవాబు రాసేటిది నువ్వే గద. ఏడేడ దొరకవడ్తనో జెర చూపియ్ బిడ్డా" అని పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.

అది చేస్తే నా ఉద్యోగం పోతుందని ఇద్దరికీ తెలుసు. చేశాను. పదకొండు చోట్ల సున్నాలు చుట్టాను. ఒక్కో సున్నా దగ్గరా అడిగాను: బోరు నాలాకు ఎంత దూరం, నీళ్ళు ఎప్పటి నుంచి పచ్చబడ్డాయి, బర్రె తాగడం ఎప్పుడు మానేసింది. ఆయన అవ్వకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ కనుక్కుని, హ్యావక్ కొట్టేసి ముప్పై అడుగులు అని పెట్టాడు. టోల్ కొట్టేసి, కడుపులో దూడ పోయిన సంగతి పెట్టాడు. పది చోట్ల కొట్టేశాడు. ప్రతిసారీ పన్ను పీకించుకునేవాడిలా మొహం పెట్టేవాడు. చివరి లైన్ దగ్గర ఆగాడు. ఇది మా ఊరికి ‘డెత్ బ్లో’ అని ఉంది అక్కడ.

"గిదొక్కటి ఉండనీ" అన్నాడు.

"వద్దు సార్."

"అన్ని తీసేస్తే మళ్ళ నవ్వుతరు బిడ్డా. గీ ఒక్కటుండనీ."

ఉండనిచ్చాను.

పన్నెండు రోజులకు ఆ పిటిషన్ నా బల్ల మీదికి వచ్చింది. తెలియనట్టు చదివాను. ఏడేళ్ళలో అంత మంచి పిటిషన్ చూడలేదు. ఎక్కడా సందు లేదు. మేనేజర్ రెండుసార్లు వచ్చి, "దీనికేం రాస్తావమ్మా, ఇది కష్టం" అని పోయాడు. నిజంగానే కష్టం. చేతులెత్తేసి ఊరుకోవచ్చు, ఎవరూ నన్నేమీ అనేవాళ్ళు కాదు. కాని నేను చివరి లైన్ దగ్గరికి వచ్చాను. ఊరికి డెత్ బ్లో తగిలిందంటున్నారు కదా. ఊరు చచ్చిపోయిందా? ఆ సాయంత్రమే కంపెనీ బండిలో ఆ ఊరికి పోయి ఫోటోలు తీయించాను. బడి నడుస్తోంది. దుకాణాలు తెరిచి ఉన్నాయి. బర్రెలు మేస్తున్నాయి. ఫోటోలు జతచేసి రాశాను: పిటిషన్‌దారు చెప్పిన చావుదెబ్బ ఎక్కడా కనిపించలేదు, ఈ ఒక్క మాట ఇంత అతిశయోక్తి అయినప్పుడు మిగిలిన సంగతులను నమ్మడానికి ఆధారం లేదు.

భయపడి చేశానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. కాదు. ఆ సందు దొరికినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఎక్కాలు ఒప్పజెప్పిన పిల్లలా మేనేజర్ గదిలోకి పరుగెత్తాను. ఆయన చదివి, భలే పట్టావమ్మా అన్నాడు. ఇంటికి పోయేదాకా ఆ సంతోషం దిగలేదు. దిగాక అన్నం సయించలేదు.

ఫైలు మూసేశారు. ట్యాంకరు ఆగిపోయింది.

వారం తప్పించుకు తిరిగి చివరికి దుకాణానికి పోయాను. చాయ్ తెప్పించాడు. తర్వాత మెల్లిగా, "ఏ లైన్ బిడ్డా?" అని అడిగాడు.

"చివరిది" అన్నాను.

నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. "నువ్వు చెప్తనే ఉంటివి. నేనే పాడు చేసిన. పాపం గా ముసల్ది" అన్నాడు.

అప్పుడు చెప్పాలి కదా. సార్, మీరు ఒక మాట రాసుకున్నారు, దాన్ని పట్టుకుని గొంతు పిసికింది నేను, వదిలేయొచ్చు, వదల్లేదు, సంతోషంగా పిసికాను. చెప్పలేదు. చాయ్ తాగాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు, నేను కప్పు కింద పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఎవరొచ్చి గట్టిగా రాయమన్నా, "గట్టిది అయిపోయింది, సాదాదే ఉన్నది" అనేవాడు, కిరాణా కొట్లో సరుకు నిండుకున్నట్టు. సాదా కాగితం ఎవరికి కావాలి? ఇదేంది సారూ ఇంత సల్లగున్నది అని మొహం మీదే అనేసి, జనం వేరే దుకాణాలకు పోవడం మొదలుపెట్టారు. చదివి వినిపించడం మానేశాడు. చాయ్ అయినా, కరెంటు అయినా ఊరికే బాగలేదు, పోయింది అనేవాడు. ఎన్నోసార్లు ఇవాళ చెప్పేస్తాను అనుకుని పోయి, వర్షాల గురించి మాట్లాడి వచ్చాను. ఇట్లా ఏడాది. ఆ మీదట పంక్చర్ షాపాయన చెప్పిన ఆదివారం.

మొన్న బుధవారం నోటీసుతో ఒక పిటిషన్ వచ్చింది. అవ్వదే, కింద ఆమె వేలిముద్ర. మూడు పేజీలు. హ్యావక్, టోల్, కాఫిన్, నెయిల్ అన్నీ ఉన్నాయి. ఎవరో తలుపు తట్టినట్టు లేచి నిలబడ్డాను. కానీ ఇది ఆయన ఇంగ్లీషు కాదు. ఆగి ఊపిరి పీల్చుకున్న చోటు ఒక్కటీ లేదు. బోరు ఎంత దూరమో లేదు, దూడ లేదు. జవాబు సోమవారానికి కావాలన్నాడు మేనేజర్. ఇది నీకు రెండు నిమిషాల పని కదా అని కూడా అన్నాడు.

నిన్న సెలవు పెట్టి ఆ ఊరికి పోయాను. అవ్వ కొట్టం ముందు కూర్చుని గడ్డి విడదీస్తోంది. బర్రె ఒక్కటే ఉంది. బోరు ఎవరూ వాడకుండా తాడు చుట్టేసి ఉంది. నన్ను గుర్తుపట్టి, "సారు దుకాణం కాడ చూసిన నిన్ను" అంటూ పీట వేసింది.

"ఈ కాగితం ఎవరు రాశారు అవ్వా?"

"సెల్ దుకాణపాయన. నేను నోటితోటి చెప్పిన, సెల్లే రాసిచ్చింది. శాన గట్టిగున్నది అన్నడు."

"ఇది నిలవదు. రెండు లైన్లలో కొట్టేస్తారు."

"ఎవరు?"

"నేనే అవ్వా. ఆ కంపెనీలో జవాబులు రాసేది నేనే. నీ ముందటి మూడూ నేనే కొట్టేయించిన."

గడ్డి విడదీసే చేతులు ఆగాయి. "కాదు" అంది. "మూడోది సారు లైన్ తోటి పోయింది. ఎన్నిసార్లు వచ్చిండో బిడ్డా ఈడికి. నా లైనే ముంచింది అవ్వా, నన్ను మాఫ్ చెయ్యి అనేటోడు. పెద్దమనిషి, నా ముందట చేతులు కట్టుకుని నిలవడేటోడు."

"సారు లైన్ కాదు. నేను" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

అవ్వ నన్ను ఊరుకోమనలేదు. లేచి, మూలనున్న డబ్బాలోంచి బకెట్‌లోకి నీళ్ళు వంచి బర్రె ముందు పెట్టింది. అది తాగేదాకా నిలబడింది. డబ్బా మూత బిగించి వచ్చి, ఇందాకటి కంటే కాస్త దూరంగా కూర్చుంది.

"మరి ఇప్పుడెందుకొచ్చినవ్?"

"దీన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ రాద్దాం అవ్వా. నేను రాస్తా."

"నువ్వు రాస్తే, దానికి జవాబు ఎవరు రాస్తరు?"

అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "నేనే రాయాల్సొస్తది" అన్నాను.

ఆమె నా పీట దగ్గరికి జరిగి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితే నీకే జవాబు దొరకకుంట రాయి" అంది.